పేరు వెనకున్న అక్షరాలు: కతోలిక సభల (మఠ సంఘాల) పొట్టి పేర్లు చదవడం, రాయడం

ప్రశ్న: మా విచారణ (పారిష్) శతజయంతి సంచిక కోసం ఇక్కడ సేవ చేసిన గురువులు (ఫాదర్లు), సిస్టర్ల జాబితా తయారుచేస్తున్నాను. కొందరి పేర్ల చివర ఎస్.జె. అని, కొందరికి ఓ.ఎఫ్.ఎం. అని, ఇంకొందరికి ఓ.ఎఫ్.ఎం.క్యాప్. అని ఉంది. ఒకరికి సి.ఎస్.ఎస్.ఆర్. అని ఉంది. ఇద్దరు గురువులకైతే ఏమీ లేదు. ఒక సిస్టర్ పేరు వెనక ఓ.పి. ఉంటే, అది మగవాళ్ల సభ కదా, తప్పు పడింది, కొట్టెయ్యమని కమిటీలో ఒకరు పట్టుబట్టారు. పాత సమాధి రాళ్ల మీద ఒకచోట ఓ.ఎం.క్యాప్. అని, మరోచోట ఎస్.ఐ. అని చెక్కి ఉంది. మేత్రాణుల (బిషప్పుల) పేరు పక్కన ఉండే డి.డి. కూడా సభేనా? గృహస్థుడైన ఒక దాత తన పేరు చివర ఓ.ఎఫ్.ఎస్. వేయమంటున్నారు. ఇవన్నీ తెలుగులో ఎలా అచ్చువేయాలి?

జవాబు: ముందు ఆ సిస్టర్ పేరు వెనకున్న ఓ.పి. జోలికి పోకండి. అది సరిగ్గానే ఉంది. ఓ.పి. అంటే లాటిన్‌లో ఓర్దో ప్రెదికాతోరుమ్, అంటే బోధకుల సభ. పునీత (సెయింట్) డొమినిక్ స్థాపించిన ఈ సభను 1216లో మూడవ హొనోరియస్ పాపుగారు (పోప్) ఆమోదించారు. ఫాదర్లు, బ్రదర్లు, మఠం గడప దాటకుండా ప్రార్థనలో గడిపే కన్యస్త్రీలు, బడులూ ఆస్పత్రులూ నడిపే సిస్టర్లు, అందరూ ఆ రెండక్షరాలే వాడతారు. చిక్కు వేరేచోట ఉంది. డొమినికన్ సిస్టర్ల సంస్థలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కోదానికీ పెద్దమ్మగారు వేరు, నియమావళి వేరు. చివరి అక్షరాలు మాత్రం అందరికీ ఓ.పి.యే. అందువల్ల ఆ సిస్టర్ ఏ సంస్థకు చెందినవారో కనుక్కుని పూర్తి పేరు రాయాలి. ఓ.పి. ఒక్కటే వేసి వదిలేస్తే యాభై ఏళ్ల తర్వాత ఆమె వివరాల కోసం ఎవరికి ఉత్తరం రాయాలో ఎవరికీ తెలియదు.

ఈ అక్షరాలు చెప్పేది ఒక్కటే, ఆ మనిషి ఏ సభకు చెందినవారో. హోదా చెప్పవు, చదువు చెప్పవు, గురుత్వాభిషేకం అయిందో లేదో కూడా చెప్పవు. ఎస్.జె. అని ఉన్నంత మాత్రాన ఫాదర్ అనుకోకూడదు, యేసు సభలో గురువులు కాని బ్రదర్లకూ ఎస్.జె.యే ఉంటుంది. అసలు గురువులే లేని సభలూ ఉన్నాయి. జాన్ బాప్టిస్ట్ ద లా సాల్ స్థాపించిన ఎఫ్.ఎస్.సి. అలాంటిదే. అది ఫ్రాత్రెస్ స్కొలారుమ్ క్రిస్తియానారుమ్, క్రైస్తవ పాఠశాలల సోదరుల సభ. అందులో అందరూ బ్రదర్లే. పాత ఫొటో కింద అలాంటి పేరుకు ముందు ఫాదర్ అని తగిలించడం ఇలాంటి సంచికల్లో తరచూ జరిగే పొరపాటు.

మొదటి అక్షరాన్ని చూసి అర్థం ఊహించడం మరో పొరపాటు. ఓ అంటే ఓర్దో అని అందరూ అనుకుంటారు. ఓ.ఎస్.బి. బెనెడిక్టు సభ, ఓ.సి.డి. పాదరక్షలు లేని కార్మెల్ సభ, ఓ.ఎస్.ఏ. అగస్తీను సభ, వీటన్నిటిలో అది నిజమే. కానీ ఓ.ఎం.ఐ.లో ఓ అంటే ఓబ్లాతి, తమను తాము అర్పించుకున్నవారు. యూజీన్ ద మజెనో 1816లో స్థాపించిన నిష్కళంక మరియ ఓబ్లేట్ల సభ అది. ఓ.ఎస్.ఎఫ్.ఎస్. చూడగానే ఫ్రాన్సిస్కన్ అనిపిస్తుంది. అది ఫ్రాన్సిస్ ద సాల్ పేరు మీద ఉన్న ఓబ్లేట్ల సభ, అస్సీసి ఫ్రాన్సిస్‌తో దానికి సంబంధం లేదు. సి సంగతి మరీ విచిత్రం. సి.ఎం.లో కాంగ్రెగాసియో, విన్సెంట్ ద పాల్ స్థాపించిన మిషన్ సభ. సి.ఎం.ఎఫ్.లో కోర్దిస్, హృదయం; మరియ హృదయ పుత్రులు, క్లరీషియన్లన్నమాట. తియాటైన్ల సి.ఆర్.లో క్లెరిచి, గురువులు. సి.ఎం.ఐ.లో ఏకంగా ఇంగ్లీషు మాట, కార్మెలైట్స్. అక్షరాలు ఎప్పుడూ లాటిన్‌లోనే ఉండాలన్న నియమమూ లేదు. ఎం.సి. అంటే మదర్ తెరెసా సభ, మిషనరీస్ ఆఫ్ చారిటీ. ఎం.ఇ.పి. పారిస్ విదేశీ మిషన్ల సంస్థ, అది ఫ్రెంచి.

మీ జాబితాలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఓ.ఎఫ్.ఎం. దగ్గర. ఓర్దో ఫ్రాత్రుమ్ మినోరుమ్, చిన్న సోదరుల సభ. అస్సీసి ఫ్రాన్సిస్ పెట్టుకున్న పేరు అదే. ఈనాడు అదే కుటుంబంలో మూడు వేర్వేరు సభలున్నాయి. ఒట్టి ఓ.ఎఫ్.ఎం. ఒకటి, ఓ.ఎఫ్.ఎం.కాన్వ్. అంటే కాన్వెంచువల్ సోదరులు, ఓ.ఎఫ్.ఎం.క్యాప్. అంటే కపుచిన్ సోదరులు. 1517లో పదో లియో పాపుగారు కాన్వెంచువల్ వాళ్లనూ, నియమాన్ని కఠినంగా పాటించే అబ్జర్వెంట్ వాళ్లనూ వేరుచేశారు. ఆ రెండో కొమ్మ నుంచి చీలి వచ్చిన కపుచిన్లకు 1528లో ఆమోదం దొరికింది. అబ్జర్వెంట్ వైపు మిగిలిన పాయలన్నిటినీ 1897లో పదమూడో లియో పాపుగారు కలిపి, ఓ.ఎఫ్.ఎం. అన్న పేరు వాళ్లకు ఖాయం చేశారు. అంచేత చివరున్న క్యాప్. గానీ కాన్వ్. గానీ చోటు చాలలేదని తీసేస్తే పొట్టి పేరు ఇంకాస్త పొట్టి అవడం కాదు, మనిషి సభే మారిపోతుంది. పునీత పాద్రె పియో ఓ.ఎఫ్.ఎం.క్యాప్., మాక్సిమిలియన్ కోల్బె ఓ.ఎఫ్.ఎం.కాన్వ్. ఈ ఇద్దరినీ ఒట్టి ఓ.ఎఫ్.ఎం. అని రాస్తే తప్పే. పదువా పునీత అంతోని సంగతి వేరు. ఆయన 1231లోనే చనిపోయారు, అప్పటికి ఈ చీలికలేవీ లేవు. ఆయన ఓ.ఎఫ్.ఎం. అంతే, మూడు సభలవాళ్లూ ఆయన్ను మావారే అనుకోవచ్చు.

ఇక మీ సి.ఎస్.ఎస్.ఆర్. ఇక్కడ కొంచెం నిలబడాలి. రోమన్ లిపిలో అది పెద్ద సి, పెద్ద ఎస్, చిన్న ఎస్, పెద్ద ఆర్. మధ్యలోని రెండు ఎస్‌లూ కలిసి ఒకే మాట, సాంక్తిస్సిమి, అంటే పరమ పవిత్రుడైన. మొత్తం కాంగ్రెగాసియో సాంక్తిస్సిమి రెదెంప్తోరిస్, దివ్య రక్షకుని సభ. ఆల్ఫోన్సస్ లిగోరి 1732లో స్థాపించారు, వాడుకలో రిడెంప్టరిస్టులు. దీని పక్కన పవిత్రాత్మ సభ పొట్టి పేరు పెట్టి చూడండి. పెద్ద సి, పెద్ద ఎస్, ఆ తర్వాత పెద్ద ఎస్, చిన్న పి. ఇక్కడ మొదటి ఎస్ సాంక్తి, ఎస్‌పి కలిపి స్పిరితుస్. రెండు పేర్లలోనూ రెండు ఎస్‌లు పక్కపక్కనే ఉన్నా, మాటలు విడిపోయే చోటు వేరు. ఆ సంగతి చెప్పేది పెద్దచిన్న అక్షరాలూ, మధ్యనున్న చుక్కలే. శీర్షిక అందంగా ఉండాలని అన్నీ పెద్దక్షరాలు చేసేస్తే ఆ ఆనవాలు పోతుంది.

అక్షరాలు జంటగా వస్తే దానికి ఇంకో అర్థం కూడా ఉంది. లాటిన్‌లో బహువచనాన్ని పొట్టిగా రాయాలంటే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. హవాయిలోని మొలకై దీవిలో కుష్ఠురోగులకు సేవచేసి 1889లో చనిపోయిన పునీత డేమియన్ పేరు చివర రెండు ఎస్‌లు, చుక్క, రెండు సి.లు, చుక్క ఉంటాయి. సాక్రోరుమ్ కోర్దియుమ్, అంటే యేసు మరియల తిరుహృదయాలు. రెండు హృదయాలు కాబట్టి జంట అక్షరాలు. అచ్చుతప్పు అనుకుని ఒక ఎస్, ఒక సి తీసేసే ప్రూఫ్ రీడర్లు ఉంటారు, ముందే చెప్పి ఉంచండి.

తెలుగులో అచ్చువేసేటప్పుడు మనకు పెద్దచిన్న అక్షరాల సౌకర్యం లేదు. అందుకే ఇంగ్లీషులో చుక్కలు ఉన్నా లేకపోయినా నడుస్తుంది గానీ, తెలుగులో చుక్కలు ఉంచి తీరాలని నా మాట. ఒక మాటకు చెందిన అక్షరాలను కలిపి రాసి, మాట అయ్యాక చుక్క పెట్టండి. రిడెంప్టరిస్టులకు సి.ఎస్‌ఎస్.ఆర్. అనీ, పవిత్రాత్మ సభకు సి.ఎస్.ఎస్‌పి. అనీ, డేమియన్ సభకు ఎస్‌ఎస్.సిసి. అనీ రాస్తే తేడా కంటికి కనిపిస్తుంది. మీ జాబితాలో ఉన్న సి.ఎస్.ఎస్.ఆర్.ను ఈ పద్ధతిలోకి మార్చండి.

ఇంకో తెలుగు గొడవ ఉంది. ఒకరు ఎస్.జె. అని రాస్తారు, ఒకరు యస్.జె. అని రాస్తారు. ఎం, యం కూడా అంతే. పాత సంచికల నుంచి కొన్ని, కొత్త కాగితాల నుంచి కొన్ని ఎత్తి రాస్తే ఒకే పుటలో రెండు రకాలూ చేరి, అవి రెండు వేర్వేరు సభలని చదివేవాళ్లు పొరబడతారు. అకారాది క్రమంలో పెట్టినప్పుడు ఒకే సభవాళ్లు రెండు చోట్ల తేలతారు. ఏదో ఒకటి ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా అదే ఉంచండి. సిస్టర్ అన్న మాటను సి. అని కుదించవద్దు కూడా. సి.ఎం.ఎఫ్.లో సి, సి. మరియలో సి ఒకలాగే కనిపిస్తాయి. పేరు ముందు సిస్టర్ అని పూర్తిగా రాయండి, పోయేది కాస్త చోటే.

పేరు తర్వాత కామా, ఆ తర్వాత సభ అక్షరాలు, ఆ తర్వాతే చదువుల డిగ్రీలు. వేదశాస్త్ర (థియాలజీ) డిగ్రీ ఉంటే ముందు అది, తర్వాత మిగతావి. కాగితం అంచుకు వచ్చినప్పుడు ఓ.ఎఫ్.ఎం. ఒక వరసలోనూ, క్యాప్. కింది వరసలోనూ పడే ప్రమాదం ఉంది. మధ్యలో ఖాళీ లేకుండా కలిపి టైపు చేయించండి. ఖాళీ కావాలంటే వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ మూడూ కలిపి నొక్కితే విడిపోని ఖాళీ పడుతుంది.

డి.డి. సభ కాదు. డాక్టర్ ఆఫ్ డివినిటీ, మేత్రాణుల పేరుకు సంప్రదాయంగా చేర్చే బిరుదు. జె.సి.డి. చర్చి చట్టంలో డాక్టరేటు, దాన్ని కార్మెల్ సభ ఓ.సి.డి.తో కలిపేయకండి. ఎస్.టి.ఎల్., ఎస్.టి.డి. వేదశాస్త్రం, ఎస్.ఎస్.ఎల్. బైబిల్ చదువు. ఉత్తరం నెత్తిన కనిపించే ఏ.ఎం.డి.జి. కూడా సభ పేరు కాదు, ‘దేవుని మహిమ మరింత పెరగడానికి’ అని చెప్పే యేసు సభవారి నినాదం. జె.ఎం.జె. మాత్రం రెండు రకాలు. కాగితం పైన ఉంటే యేసు మరియ జోజప్పల పేర్లు తలుచుకుని మొదలుపెట్టారని, సిస్టర్ పేరు చివర ఉంటే 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టిన సిస్టర్ల సభ అని.

ఒక సభకు చెందిన గురువు మేత్రాణులైతే ఆ అక్షరాలు పోతాయా అన్నది మీరు అడగలేదు గానీ మీకు అవసరపడుతుంది. పోవు. చర్చి చట్టం 705వ నియమం ప్రకారం ఆయన తన సభ సభ్యుడిగానే ఉంటారు. విధేయతా వ్రతం విషయంలో మాత్రం సభ పెద్దలకు కాకుండా పాపుగారికి మాత్రమే లోబడి ఉంటారు. అంచేత సలేషియన్ మేత్రాణులైతే పేరు, ఎస్.డి.బి., ఆ తర్వాత డి.డి. పాపుగారి పేరుకు మాత్రం అక్షరాలు తగిలించరు. ఫ్రాన్సిస్ పాపుగారు యేసు సభ నుంచి వచ్చినవారే, 2025 మేలో ఎన్నికైన పద్నాలుగో లియో పాపుగారు అగస్తీను సభవారే. అయినా ఆ పేర్ల పక్కన ఎస్.జె., ఓ.ఎస్.ఏ. ఉండవు.

ఏమీ లేని ఆ ఇద్దరు గురువులు చాలావరకు మేత్రాసన (డయోసిస్) గురువులై ఉంటారు. వాళ్లు ఒక మేత్రాసనానికి చెందినవారు, సభకు కాదు. పేదరికం వ్రతం తీసుకోరు. బ్రహ్మచర్యం పాటిస్తామనీ, తమ మేత్రాణులకు విధేయులుగా ఉంటామనీ మాట ఇస్తారు. మిగతావాళ్లకు ఉన్నాయి కదా, వీళ్లకు చిన్నతనంగా ఉంటుందేమోనని ఏవో అక్షరాలు కల్పించే పని పెట్టుకోకండి. సభ అన్న గడిలో మేత్రాసన గురువు అని రాయండి, ఖాళీగా వదిలితే సమాచారం దొరకలేదని అనుకుంటారు. నిజంగానే అక్షరాలు తప్పిపోయి ఉండొచ్చు కూడా, కాబట్టి మేత్రాసనం డైరెక్టరీతో ఒకసారి సరిచూడండి.

సాధారణంగా మొదటి వ్రతాలు అయ్యాకే ఈ అక్షరాలు పేరుకు చేరతాయి. నవిషియేట్‌లో, అంటే వ్రతాలకు ముందు శిక్షణలో, ఉన్నవాళ్లకు వేయరు. సభ విడిచి మేత్రాసనంలో చేరినవారైతే ఇప్పటి పేరుకు అక్షరాలు ఉండవు. మీది చరిత్ర జాబితా కాబట్టి ఆయన మీ విచారణలో ఉన్న సంవత్సరాల్లో ఏ సభలో ఉన్నారో అదే వేయండి. ఆయన జీవించి ఉంటే ఒక మాట అడిగి వేయడం మర్యాద.

ఓ.ఎఫ్.ఎస్. కోరిన దాత అబద్ధమాడడం లేదు. ఓర్దో ఫ్రాన్సిస్కానుస్ సెకులారిస్, సంసారంలో ఉంటూనే ఫ్రాన్సిస్ మార్గాన్ని అనుసరించే గృహస్థుల సభ. వారి ఇప్పటి నియమావళిని ఆరో పౌలు పాపుగారు 1978లో ఆమోదించారు. ఫ్రాన్సిస్కన్ సంఘం కాగితాల్లో ఆ అక్షరాలు వాడుకోవడంలో తప్పులేదు. దాతల పుటలో మాత్రం వద్దంటాను. పక్క పుటలో ఓ.ఎఫ్.ఎం. చూసిన పాఠకుడు ఆయన్నూ మఠవాసి అనుకుంటాడు. ఆయన సేవ గురించి ఒక వాక్యం రాసి అందులో ఫ్రాన్సిస్కన్ గృహస్థ సభ సభ్యులు అని చెబితే ఆయన మాటా నిలబడుతుంది, మీ పుటా తేటగా ఉంటుంది. టి.ఓ.ఆర్. అని ఎవరికైనా ఉంటే అది గృహస్థుల సభ అనుకోకండి. వాళ్లు మూడో సభకు (గృహస్థులు కూడా ఉండే ఫ్రాన్సిస్కన్ శాఖకు) చెందినవాళ్లే గానీ వ్రతాలు చేసి మఠంలో ఉండే ఫ్రాన్సిస్కన్లు.

ఒకే అక్షరాలు రెండు సభలకు ఉండే సందర్భాలు కూడా ఉన్నాయి. ఎస్.ఎం. అంటే మారిస్టు ఫాదర్లు కావచ్చు, మరియనిస్టులు కావచ్చు. రెండూ మరియ సభలే, రెండూ ఫ్రాన్స్‌లో పుట్టినవే, కానీ వేర్వేరు. మారిస్టు బ్రదర్లు మళ్లీ ఇంకొకరు, వాళ్లు ఎఫ్.ఎం.ఎస్. ఓ.ఎస్.సి. పవిత్ర సిలువ మఠ సభ కావచ్చు, పునీత క్లార కన్యస్త్రీలు కావచ్చు. సి.ఆర్. తియాటైన్ గురువులు కావచ్చు, పునరుత్థాన సభ కావచ్చు. అందుకే అక్షరాల గడి పక్కన సభ పూర్తి పేరుకు ఇంకో గడి పెట్టండి. పేరు, గురువా బ్రదరా సిస్టరా, అక్షరాలు, సభ పూర్తి పేరు, సేవ చేసిన సంవత్సరాలు, ఈ అయిదు గడులు సరిపోతాయి.

సరిచూసుకోవడానికి మొదటి ఆధారం ఆ మనిషి స్వహస్తంతో చేసిన సంతకం. జ్ఞానస్నానం, వివాహ రిజిస్టర్లలో దొరుకుతుంది. తర్వాత ఆయా సభ ప్రొవిన్స్ (ప్రాంతీయ విభాగం) కార్యాలయం. మొత్తం జాబితా పంపకండి, వాళ్ల సభ పేర్లు మాత్రమే తీసి ఒక పుటగా పంపితే జవాబు త్వరగా వస్తుంది. వాటికన్ ఏటా ప్రచురించే అన్నువారియో పొంతిఫిచియోలో పాపుగారి అధికారం కింద నేరుగా ఉన్న సభల పేర్లూ పొట్టి పేర్లూ ఉంటాయి, అది ఇటాలియన్‌లో ఉంటుంది. ఒక మేత్రాసనం పరిధిలోనే ఉన్న చిన్న సభల గురించి మాత్రం ఆ మేత్రాసనం కార్యాలయాన్నే అడగాలి. ఇంటర్నెట్ జాబితాల్లో ఒకే అక్షరాలకు మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకుంటే పైన చెప్పిన ఎస్.ఎం. లాంటి చోట బోల్తా పడతారు. ఆంగ్లికన్ సంఘంలో కూడా ఓ.ఎస్.బి. వాడే బెనెడిక్టు మఠాలున్నాయి, కాబట్టి అక్షరాలు ఉన్నంత మాత్రాన ఆ మనిషి కతోలిక సంఘం వారని కూడా తేలదు.

చివరగా సమాధి రాళ్లు. ఎస్.ఐ. అంటే ఎస్.జె.యే. లాటిన్‌లో యేసు అన్న మాటను ఐతోనూ రాస్తారు, జెతోనూ రాస్తారు. ఓ.ఎం.క్యాప్. ఇప్పటి ఓ.ఎఫ్.ఎం.క్యాప్.కు పాత రూపం. ఫొటో కింద రాసేటప్పుడు రాతి మీద ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి, జాబితాలో ఇప్పటి రూపం వేయండి, రెండూ ఒకటేనని అడుగున ఒక ముక్క రాయండి. పేరుకు ముందేముందో కూడా చూసి రండి. ఆర్.పి. అని గానీ ఒట్టి పి. అని గానీ ఉంటే పాతెర్, గురువే. లాటిన్ రాతలో ఎఫ్, ఆర్ అక్షరాలు ఉంటే మాత్రం అది ఇంగ్లీషు ఫాదర్ కాదు, ఫ్రాతెర్, సోదరుడు. కపుచిన్లలో గురువులు కానివాళ్లూ ఉండేవారు, గురువులైనవాళ్లు కూడా వినయంగా ఫ్రాతెర్ అని చెక్కించుకునేవారు. విచారణ రిజిస్టర్లలో ఆయన దివ్యబలిపూజ చేసినట్టు గానీ, వివాహాలు జరిపినట్టు గానీ సంతకం కనిపించే దాకా ఆయన పేరు ముందు ఫాదర్ అని వేయకండి.